ట్రైలర్ మనదే... ట్రక్కే అద్దెది!

అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారంటే మనం ముందుగా చూసుకునేవి రెండు. ఒకటి విజిటర్స్ ఇన్సూరెన్స్, రెండోది వాళ్లను ఎక్కడెక్కడ తిప్పాలనే జాబితా. మొదటిది ఒక పూటలో తేలిపోతుంది. రెండోది మాత్రం వాళ్లు వచ్చాక రోజురోజుకీ చిక్కిపోతుంది. మోకాళ్ల నొప్పులు, వేళకు వేసుకోవాల్సిన మాత్రలు, బయటి తిండి పడకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా బాత్రూం. అయిదారు గంటల కారు ప్రయాణం అనగానే "మీరెళ్లి రండ్రా, మేం ఇంట్లో ఉంటాంలే" అంటారు. అందులో సగం మొహమాటం, సగం భయం.

మా నాన్నదీ అదే వరస. బీపీకి వేసుకునే మాత్రల వల్ల ఆయన గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి. ఆ మాట పైకి చెప్పరు. ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. డెబ్బై దాటిన మనిషి టెక్సస్ ఎండలో అలా చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆయనకు ఎక్కడికక్కడ బాత్రూం, అమ్మకు ఎక్కడికక్కడ వంటగది ఉండేలా ఒక ప్రయాణం చేయాలనుకున్నాం. అంటే ట్రావెల్ ట్రైలర్. అది మా దగ్గర ఉంది. లాగే బండే లేదు.

కోవిడ్ రోజుల్లో హోటళ్లకు వెళ్లలేక చాలామంది ఆర్వీల వైపు మళ్లారు. 2021లో అమెరికా కంపెనీలు డీలర్లకు పంపిన ఆర్వీలు 6 లక్షలు. అప్పటికి అదే రికార్డు. ఆ వేడిలోనే నేనూ, మా తోడల్లుడూ కలిసి ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. ట్రక్కు ఆయనది. తర్వాత ఉద్యోగం మారి ఆయన సియాటెల్ వెళ్లిపోయారు, ట్రక్కూ ఆయనతోనే వెళ్లింది. ట్రైలర్ మాత్రం డెంటన్ దగ్గర స్టోరేజ్‌లో నెలనెలా అద్దె తింటూ ఉండిపోయింది. మన వాళ్లలో చాలామంది పరిస్థితి ఇంతే. రోజూ ఆఫీసుకి వెళ్లేది చిన్న కారులోనో, ఎలక్ట్రిక్ కారులోనో. ఏడాదికి రెండు ట్రిప్పుల కోసం అరవై వేల డాలర్లు పెట్టి పికప్ కొనలేం. మరి అద్దెకు తీసుకుంటే? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నాలాంటి వాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

హిచ్ ఉన్నంత మాత్రాన లాగనివ్వరు

ఎయిర్‌పోర్టులోనో, ఇంటి పక్కనో ఉండే మామూలు కార్ల రెంటల్ ఆఫీసుల్లోనూ పికప్ ట్రక్కులు ఉంటాయి. కొన్నిటికి వెనక హిచ్ రిసీవర్ కూడా కనిపిస్తుంది. కానీ ఇలాంటి అద్దె ఒప్పందాల్లో చాలావాటిలో ఒక వాక్యం ఉంటుంది: ఈ వాహనంతో దేన్నీ లాగకూడదు, నెట్టకూడదు అని. ఆ షరతు మీరితే మనం డబ్బు కట్టి తీసుకున్న డ్యామేజ్ వేవర్ కూడా చెల్లదు. దారిలో ఏదైనా జరిగితే ట్రక్కు ఖరీదు మొత్తం మన నెత్తి మీద పడుతుంది.

మా ఇంటికి దగ్గర్లోని ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గరి కుర్రాడు "హిచ్ ఉంది కదా, నిక్షేపంగా లాక్కెళ్లండి" అన్నాడు. ఒప్పందం కాగితం చూపించమని అడిగి, ఆ వాక్యం మీద వేలు పెట్టాను. అతను చదివి, "అందరూ తీసుకెళ్తూనే ఉంటారు, మేమేం చూడం" అన్నాడు. చూడకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ప్రమాదం జరిగాక మాట్లాడేది ఆ కుర్రాడు కాదు, కాగితం. థాంక్స్ చెప్పి బయటికొచ్చేశాను.

లాగడానికి అనుమతించే ట్రక్కులు వేరే చోట దొరుకుతాయి. కాంట్రాక్టర్లకు, చిన్న వ్యాపారాలకు బళ్లు ఇచ్చే కమర్షియల్ ట్రక్ రెంటల్ శాఖలు అవి. ఎంటర్‌ప్రైజ్ లాంటి పెద్ద కంపెనీకి కూడా కార్ల శాఖ వేరు, ట్రక్కుల శాఖ వేరు. ఒకే పేరు కదా అని కార్ల కౌంటర్‌లో ట్రైలర్ గురించి అడిగితే సరైన సమాధానం రాకపోవచ్చు. ట్రక్కుల శాఖకే ఫోన్ చేయాలి. అక్కడ కూడా అన్ని ట్రక్కులకూ అనుమతి ఉందనుకోకూడదు. నేను అడిగిన ప్రశ్నలివి. జవాబులన్నీ ఈమెయిల్‌లో తెప్పించుకున్నాను.

• నా సొంత ట్రావెల్ ట్రైలర్‌ను లాగడానికి మీ ఒప్పందం అనుమతిస్తుందా? ఎన్ని పౌండ్ల వరకు?
• రాష్ట్రం దాటొచ్చా? రోజుకు ఎన్ని మైళ్లు ఉచితం?
• రెండు అంగుళాల రిసీవర్ ఉందా? ఏడు పిన్నుల కరెంటు కనెక్టర్ ఉందా, నాలుగు పిన్నులదేనా?
• ట్రక్కులోనే బ్రేక్ కంట్రోలర్ ఉందా? లేకపోతే నాది నేను తగిలించుకోవచ్చా?
• లాగేటప్పుడు కూడా మీ డ్యామేజ్ వేవర్ వర్తిస్తుందా?
• నేను బుక్ చేసిన మోడలే ఇస్తారా, ఆ రోజు ఉన్నది ఇస్తారా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాంట్లోనే అసలు తిరకాసు. "అలాంటిదే మరోటి" అని ఆ పొద్దున హాఫ్ టన్ ట్రక్కు చేతిలో పెడితే, బయట ఆరు వేల పౌండ్ల ట్రైలర్ పెట్టుకుని మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

డోర్ తీసి చూడండి, పసుపు స్టిక్కర్ చెబుతుంది

పికప్ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది లాగే సామర్థ్యం. 9,000 పౌండ్లు, 11,000 పౌండ్లు అంటారు. మా ట్రైలర్ సామాన్లతో కలిపి 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,700 కిలోలు. "ఇంకేం, ఏ ట్రక్కైనా సరిపోతుంది" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అలా సరిపోదు.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆ బరువును టంగ్ వెయిట్ అంటారు. ట్రావెల్ ట్రైలర్‌కు అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పెరిగితే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

మా లెక్క చూడండి. నేను, మా ఆవిడ, పాప, అమ్మ, నాన్న కలిపి 690 పౌండ్లు. టంగ్ వెయిట్ 750. బరువును ముందుకూ వెనక్కూ సర్దే హిచ్ సామాను 90. ఐస్ బాక్స్, కుక్కర్, బియ్యం, మంచినీళ్లు, బ్యాగులు 150. మొత్తం 1,680 పౌండ్లు. నేను చూసిన ఒక హాఫ్ టన్ ట్రక్కు స్టిక్కర్ మీద ఉన్నది 1,500. ఆ ట్రక్కు 9,000 పౌండ్లు లాగగలదన్నది అబద్ధం కాదు. మా అయిదుగురినీ మోస్తూ మా ట్రైలర్‌ను లాగడం మాత్రం దాని వల్ల కాదు. ఒక్కడే వెళ్లేవాడికీ, ముగ్గురు తరాలతో వెళ్లేవాడికీ తేడా ఇక్కడే.

మా నాన్న ఆర్టీసీలో మార్కాపురం డిపో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ లెక్కంతా విని, "బస్సులో కూర్చునేవాళ్లు ఎంతమందో, నిలబడేవాళ్లు ఎంతమందో రాసే ఉంటదిరా. ఎక్కించుకునేది వేరే. మాకు తిరునాళ్లప్పుడు తప్పేది కాదు. నీకేం అవసరం?" అన్నారు.

అందుకే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు తీసుకున్నాం. ఎఫ్-250, 2500 సిరీస్ అని పిలిచేవి ఇవే. మాకు ఇచ్చిన దాని స్టిక్కర్ మీద 2,700 పౌండ్లు ఉంది. కౌంటర్‌లో సంతకం పెట్టక ముందే పార్కింగ్ లాట్‌కి వెళ్లి డోర్ తీసి చూశాను. ఒకే మోడల్‌లోనే ఆప్షన్లను బట్టి ఈ అంకె మారుతుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో చూసిన అంకెను కాకుండా చేతికి వచ్చే బండి మీద ఉన్నదే నమ్మాలి.

బయల్దేరే రోజు దారిలో ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాం. ట్రక్కు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా తూచి కాగితం ఇస్తారు. ఇరవై డాలర్ల లోపు ఖర్చు. ఊహ ఎంత, నిజం ఎంత అన్నది ఆ కాగితంతో తేలిపోతుంది.

ట్రైలర్ బ్రేకులకు చెప్పేదెవరు?

ఇంత బరువున్న ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉంటాయి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలని చట్టం. కాలిఫోర్నియాలో 1,500 పౌండ్లకే ఆ నియమం వర్తిస్తుంది. అయితే ఆ బ్రేకులు వాటంతటవి పనిచేయవు. మనం పెడల్ తొక్కినప్పుడు ట్రైలర్‌కు ఆ సంగతి చేరవేసేది బ్రేక్ కంట్రోలర్. ఏడు పిన్నుల కనెక్టర్ ద్వారా కరెంటు పంపి ట్రైలర్ చక్రాల బ్రేకులు పట్టిస్తుంది. నాలుగు పిన్నుల కనెక్టర్ లైట్లకు మాత్రమే. దాంతో బయల్దేరితే లైట్లన్నీ వెలుగుతాయి, బ్రేకులు మాత్రం పడవు. చూసేవాళ్లకు అంతా బాగానే కనిపిస్తుంది.

అద్దెకు ఇచ్చే ట్రక్కులు సాధారణంగా తక్కువ ఆప్షన్లతో కొన్నవి. కాబట్టి కంట్రోలర్ ఉంటుందని అనుకోకూడదు. మాకు ఇచ్చిన దాంట్లో లేదు. ముందే ఈమెయిల్‌లో తెలిసింది కనుక కనెక్టర్‌కు మధ్యలో తగిలించి ఫోన్‌తో నడిపే కంట్రోలర్ కొని ఉంచాను. అద్దె బండికి వైర్లు కోయడం, రంధ్రాలు పెట్టడం కుదరదు కాబట్టి ఇలాంటిదే దారి. బాల్ మౌంట్, బాల్ కూడా మనవే తీసుకెళ్లాలి. బాల్ సైజు ట్రైలర్ కప్లర్ మీద రాసి ఉంటుంది. మాది 2 అంగుళాల 5/16. రెండంగుళాల బాల్ దాంట్లో కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకు వస్తే లేచిపోతుంది.

తగిలించాక చూసుకోవాల్సినవి: కప్లర్ లాక్ పిన్ను, కప్లర్ కింద అడ్డంగా గుణకారం గుర్తులా వేసిన రెండు గొలుసులు, బ్రేక్‌అవే కేబుల్. ట్రైలర్ ఊడిపోతే ఆ కేబుల్ లాగుకుని ట్రైలర్ సొంత బ్యాటరీతో బ్రేకులు పడతాయి. స్టోరేజ్‌లో ఏడాది ఉన్న ట్రైలర్ బ్యాటరీ చచ్చి ఉంటే ఆ కేబుల్ ఉన్నా లేనట్టే.

టైర్ల సంగతీ అంతే. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ కొత్తగా కనిపించినా అయిదారేళ్లు దాటితే మార్చేయడం మంచిది. మావి మార్పించాం. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అంటే బేరింగులు, బ్రేకులు, టైర్లు చూడమని మనల్ని బలవంతపెట్టేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మనమే చూపించుకోవాలి.

ఇన్సూరెన్స్ ఏజెంటును అడగాల్సినవి

దీనికి ఒక పూట కేటాయించండి. మీ కారు పాలసీ అద్దె కారుకు వర్తిస్తుంది కదా అని ట్రక్కుకూ వర్తిస్తుందని అనుకోవద్దు. చాలా పాలసీల్లో ట్రక్కు గరిష్ఠ బరువు రేటింగ్ 10,000 పౌండ్ల దగ్గర ఒక గీత ఉంటుంది. త్రీ క్వార్టర్ టన్ ట్రక్కులు సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ ఉంటాయి. ఆ అంకె కూడా డోర్ పక్కనే మరో స్టిక్కర్ మీద ఉంటుంది. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజీ చాలా కార్డుల్లో ట్రక్కులకు పనిచేయదు.

ట్రైలర్ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం సాధారణంగా లాగే బండి లయబిలిటీ కిందకు వస్తుంది. మన ట్రైలర్‌కే దెబ్బ తగిలితే మాత్రం దానికి విడిగా పాలసీ ఉండాలి. అద్దె ట్రక్కు, సొంత ట్రైలర్, ఇద్దరి పేర్ల మీద టైటిల్. మా కేసు ఏజెంటుకు కూడా కొత్తే. రెండు రోజులు తీసుకుని రాతపూర్వకంగా జవాబిచ్చారు. రెంటల్ కంపెనీ వేవర్‌తో పాటు లయబిలిటీ కూడా అదనంగా తీసుకున్నాం. డబ్బు ఎక్కువే అయింది, నిద్ర పట్టింది.

లైసెన్సు సంగతి తేలికే. టెక్సస్ క్లాస్ సీ లైసెన్సు మా సైజు ట్రైలర్‌కు సరిపోతుంది. నాన్న మాత్రం "ముప్పై అయిదేళ్లు నడిపినవాణ్ణి, కాసేపు ఇవ్వరా" అని రెండుసార్లు అడిగారు. ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే ఇన్ని కాగితాలూ వృథా అని చెబితే, "అయితే కిటికీ పక్క సీటు నాది" అన్నారు.

287 మీద గాలి, కాన్యన్‌లోకి దిగుడు

మేం ఎంచుకున్నది టెక్సస్ పాన్‌హ్యాండిల్‌లోని పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కు. అమరిల్లోకు దగ్గర. దేశంలో గ్రాండ్ కాన్యన్ తర్వాత రెండో పెద్ద కాన్యన్ అని చెబుతారు. సుమారు 120 మైళ్ల పొడవు. రెడ్ రివర్ పాయ ఒకటి వేల ఏళ్లుగా కోసుకుంటూ వచ్చిన ఎర్రమట్టి గోడలు. డాలస్ నుంచి యూఎస్ 287 మీద విచిటా ఫాల్స్, వెర్నన్, చైల్డ్రెస్ మీదుగా దాదాపు 360 మైళ్లు. కారులో ఆరు గంటల లోపే. మాకు తొమ్మిది గంటలు పట్టింది. అంత పడుతుందని అనుకునే బయల్దేరాం.

స్పీడ్ లిమిట్ 70, 75 అని ఉన్నా మేం 60 దాటలేదు. చాలా ట్రైలర్ టైర్ల రేటింగ్ గంటకు 65 మైళ్లే. గంటకోసారి ఆగాం. ఆ దారిలో హార్డమన్, డాన్లీ కౌంటీల్లో మంచి రెస్ట్ ఏరియాలున్నాయి. అవి లేనిచోట విశాలమైన గ్యాస్ స్టేషన్లు. ఆగిన ప్రతిసారీ నేను టైర్లు, గొలుసులు, హబ్‌ల వేడి చూసుకునేవాణ్ణి. నాన్న ట్రైలర్ మెట్లెక్కి తన పని చూసుకుని వచ్చేవారు. ట్యాంకులో పది గ్యాలన్ల నీళ్లే ఉంచాం. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు ఊరికే మోయాలి. వెర్నన్ దాటాక నాన్న సీసా తీసి, అడగకుండానే గడగడా నీళ్లు తాగారు. మా ఆవిడ అద్దంలోంచి నా వైపు చూసింది. మూడు వారాల తిరుగుడికి అదే జీతం అనిపించింది.

పాన్‌హ్యాండిల్‌లో గాలికి అడ్డు ఉండదు. ట్రైలర్ పక్క గోడ మొత్తం తెరచాపలా పనిచేస్తుంది. బయల్దేరే ముందు నేషనల్ వెదర్ సర్వీస్ గాలి హెచ్చరికలు చూసుకున్నాం. ఎక్కువుంటే చైల్డ్రెస్‌లో రాత్రి ఆగిపోవాలని ముందే అనుకున్నాం. ట్రైలర్ ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, గ్యాస్ మీంచి కాలు మెల్లగా తీసి, కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకులు మాత్రమే కాస్త పట్టించాలి. దీన్ని ముందే ఖాళీ పార్కింగ్ లాట్‌లో సాధన చేయాలి. ఆ నిమిషంలో నేర్చుకునే విషయం కాదిది.

అసలు పరీక్ష పార్కు లోపల ఉంది. కాన్యన్ అంచు నుంచి అడుగుకు దిగే రోడ్డు 10 శాతం వాలు, మధ్యలో పదునైన మలుపులు. 1930లలో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ కుర్రాళ్లు వేసిన దారి అది. వెనక ఆరు వేల పౌండ్లు నెడుతుంటే బ్రేకు మీదే కాలు వేసి దిగితే కిందికి చేరేలోపు బ్రేకులు కాలిపోతాయి. పైన విజిటర్ సెంటర్ దగ్గర ఆగి బ్రేకులు చల్లారనిచ్చాం. టో హాల్ మోడ్ పెట్టి, గేరు రెండులో నిలిపాను.

నాన్న కిటికీలోంచి వాలు చూసి, "శ్రీశైలం ఘాట్‌లో మాకు ఒకటే మాట చెప్పేవాళ్లు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. బ్రేకు అనేది ఆగడానికి, దిగడానికి కాదు" అన్నారు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా వేలసార్లు దిగిన మనిషి. ట్రక్కు యూజర్ మాన్యువల్‌లో నేను చదివినదీ అదే. ఇంజిన్‌తో పట్టించి, వేగం పెరిగినప్పుడు రెండు క్షణాలు బ్రేకు తొక్కి వదిలేస్తూ, గంటకు 15 మైళ్లతో దిగాం. వెనక నాలుగు కార్లు వేచి ఉన్నాయి. "ఉండనీ" అన్నారు నాన్న.

అడుగున నాలుగు రాత్రులు ఉన్నాం. మా సైటుకు నీళ్లు, కరెంటు ఉన్నాయి. కరెంటు 30 ఆంప్స్, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అమ్మకు ఒకసారి చెప్పగానే "ఊళ్లో మోటారేస్తే టీవీ ఆపినట్టు" అని పట్టేసుకుంది. తాలింపు మాత్రం బయట బల్ల మీదే. లోపల వేస్తే స్మోక్ అలారం ఊరుకోదు. పొద్దున్నే ఎర్ర గోడల మీద ఎండ పడుతుంటే పాప తాతయ్య చెయ్యి పట్టుకుని నడిచింది. లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా ఆయన నడవలేరు, రానూపోనూ ఆరు మైళ్ల దాకా ఉంటుంది. సగం మైలు వెళ్లి కూర్చుని వచ్చారు. వెనక్కి రావడానికి ఆయనకో గది ఉంది, అది చాలు.

అందరికీ ఇదే దారి కాదు

ఖర్చు దాచకుండా చెబుతా. అయిదు రోజుల ట్రక్కు అద్దె, వేవర్, పన్నులు కలిపి 900 డాలర్లు దాటింది. గ్యాలన్‌కు 9 మైళ్లే వచ్చింది, గ్యాసుకు 270. పార్కు సైటు, ఎంట్రీ కలిపి 240 దాకా. ట్రైలర్ టైర్లు, కంట్రోలర్ విడి. రెండు హోటల్ గదులకన్నా ఇది చవక కాదు. డబ్బు మిగులుతుందని చేస్తే నిరాశే.

ఇంతవరకు ఎప్పుడూ ట్రైలర్ లాగని కుటుంబానికి నేను ముందు చెప్పే మాట వేరు. అవుట్‌డోర్సీ, ఆర్వీషేర్ లాంటి సైట్లలో కొందరు యజమానులు ట్రైలర్‌ను తామే క్యాంప్‌సైట్‌కు తెచ్చి, నిలబెట్టి, కరెంటు పెట్టి వెళ్తారు. మనం మన కారులో వెళ్తే చాలు. ఆ పద్ధతికి పార్కు ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోవాలి. దారిలోనే బాత్రూం కావాలంటే మోటార్‌హోమ్ మేలు. అందులో సీటు బెల్టులు పెట్టుకుని కూర్చోవచ్చు. కదులుతున్న ట్రావెల్ ట్రైలర్‌లో మాత్రం ఎవరూ ఉండకూడదు. "నాన్న లోపల పడుకుంటారులే" అని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పండి. చాలా రాష్ట్రాల్లో చట్టమూ ఒప్పుకోదు, అక్కడ బెల్టులూ ఉండవు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ దారి నియమాలు చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి వేగం ఎక్కడైనా 55 దాటకూడదు. న్యూయార్క్ పార్క్‌వేల మీదకు ట్రైలర్లను రానివ్వరు, మామూలు జీపీఎస్ ఆ సంగతి చెప్పదు. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు ఐ-95 మీద వెళ్లేవాళ్లు బాల్టిమోర్ సొరంగాల్లోకి ట్రైలర్ ప్రొపేన్ సిలిండర్లతో వెళ్లకూడదు. వాళ్లకు ఒకప్పుడు దారి అయిన కీ బ్రిడ్జి 2024 మార్చి 26న కూలిపోయింది కాబట్టి బెల్ట్‌వే మీద పడమర వైపు చుట్టి రావాలి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన వాహనాలను అనుమతించరు. ట్రక్కు, ట్రైలర్ కలిపి కొలిచే పొడవు అది. ట్రైలర్ క్యాంప్‌లో వదిలి ట్రక్కుతో వెళ్దామన్నా పెద్ద క్రూ క్యాబ్ ఒక్కటే 21 అడుగులకు దగ్గర్లో ఉంటుంది, కొన్ని దాటిపోతాయి కూడా.

ఇక తేదీల లెక్క. టెక్సస్ స్టేట్ పార్కుల్లో సైట్లు అయిదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. వారాంతాలు తొందరగా నిండిపోతాయి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు సాధారణంగా దొరికేది ఆరు నెలలు. వాళ్లు దిగి, జెట్ లాగ్ తీరి, డాక్టరు చూసి, చుట్టాలను కలిసి, అప్పుడు "ఎక్కడికైనా వెళ్దామా" అని మొదలుపెడితే సైటు దొరికేసరికి తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. అందుకని ముందు పార్కు సైటు, తర్వాత ట్రక్కు, ఆ తర్వాతే విమానం టికెట్. రద్దు చేసుకుంటే పోయేది కొద్దిపాటి రుసుమే. వచ్చే ఏడు రావడానికి మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో అని అమ్మ ఇప్పటికే అంటోంది. మేం మాత్రం అక్టోబరుకు సైటు బుక్ చేసేశాం.